తలకిందులైన తొమ్మిది

మామూలు అంకెలంత ప్రమాదకరమైనవి ఈ లోకంలో లేవు! మీ తలుపు మీద 9 అని ఉందనుకోండి. దారినపోయే ప్రతివాడూ నేరుగా వచ్చి బెల్ కొట్టేస్తాడు. ఇంతకన్నా అభద్రత ఏముంటుంది?

అందుకే మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటుగారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రెండు నెలల క్రితం ఆయన నలభై ఫ్లాట్ల నంబర్లూ పీకించి, ఇత్తడి పలకల మీద రోమన్ అంకెలు చెక్కించి బిగించారు. తొమ్మిదో నంబరు మాది. అంటే IX.

"బిల్డింగన్నాక ఒక రాజసం ఉండాలండీ!" అన్నారు మీటింగులో.

నిజానికి ఆ మీటింగులో నేను అడిగింది వేరు. మా బాత్రూంలో పైపు ఆర్నెల్లుగా కారుతోంది, అసోసియేషన్ ప్లంబర్‌ని పంపమన్నాను.

"ముందు రాజసం, తర్వాత పైపు," అన్నారాయన. ఎంత దూరదృష్టి!

ఫలితాలు చూడండి. ఓ ఇన్సూరెన్స్ ఏజెంటు గీతలు లెక్కపెట్టీ లెక్కపెట్టీ కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడ్డాడు. ముప్పై ఎనిమిదో ఫ్లాటు పలక XXXVIII గుమ్మం పక్కన పట్టక, పక్కవాళ్ల కాలింగ్ బెల్ మీదికి పాకింది. ఇక మా బావమరిది! వారం ఉందామని పెట్టెతో దిగి, ఇల్లు దొరక్క ఎవరింట్లోనో టీ తాగి, వాళ్ల మర్యాద నచ్చి అక్కడే ఉండిపోయాడు. ఏ మామూలు అంకె చేయగలదండీ ఇంత ఉపకారం?

మా ఆవిడకే ఈ గొప్పతనం ఎక్కలేదు.

"మీ నవలల్లో డిటెక్టివ్ పదో పేజీకల్లా శవాన్ని పట్టేస్తాడు. మనింటికి ప్లంబర్ మాత్రం ఆర్నెల్లైనా రాడేం?"

"సస్పెన్స్ ఉండాలి కదే!"

"సస్పెన్సూ లేదు, సొరకాయా లేదు. బకెట్ నిండింది, లేవండి!"

పోయిన మంగళవారం కథ మలుపు తిరిగింది. ప్రెసిడెంటుగారిదీ మా అంతస్తే. వరండా చివర, పదకొండో ఫ్లాటు. అంటే XI. ఆ పొద్దున వాళ్ల వంటింటి కుళాయి నాలుగు చుక్కలు కారింది. ఆయన ప్లంబర్‌కి ఫోన్ చేసి అరవడం మా గుమ్మం దాకా వినబడింది. పదింటికల్లా ప్లంబర్ హాజరు! ఆర్నెల్లు కాదు, గంటన్నర!

లిఫ్ట్ దిగగానే అతనికి కనబడిన మొదటి తలుపు మాది. పలక మీద XI. బెల్ కొట్టాడు.

"పదకొండు ఇదేనాండీ?"

"బోర్డు చూసుకో నాయనా," అన్నాను. అబద్ధం నా ఇంటావంటా లేదు. బాత్రూం చూపించాను.

"కుళాయన్నారే?"

"కుళాయికి నీళ్లెక్కణ్ణుంచి వస్తాయి? పైపులోంచే కదా!"

పది నిమిషాల్లో పని అయిపోయింది. అవును, పదే నిమిషాలు!

అతను వెళ్లిన కాసేపటికి ప్రెసిడెంటుగారు చేతిలో బకెట్‌తో వరండాలోకి వచ్చారు. "వాడు మీ ఇంటికెందుకు వచ్చాడండీ?" అంటూ మా పలక దగ్గర ఆగిపోయారు. పైన ఒకటి, కింద ఒకటి ఉండాల్సిన స్క్రూల్లో పైది లేదు. పలక కింది స్క్రూ మీద గిర్రున తిరిగి తలకిందులుగా వేలాడుతోంది. IX తలకిందులైతే XI కదా!

"స్క్రూ ఊడినట్టుందండీ," అన్నాను బాధగా. "రాజసం మొత్తం దాని మీదే నిలబడిందని ఎవరనుకున్నారు?"

నా పాఠకులు గడుసువాళ్లు. ఆ స్క్రూ ఎలా ఊడిందని ఈపాటికే ఆరా మొదలుపెట్టి ఉంటారు. మీ దగ్గర దాపరికమెందుకు? అది నా పెన్నుల డబ్బాలో క్షేమంగా ఉంది, స్క్రూడ్రైవర్ పక్కనే.

బిగించమని ప్రెసిడెంటుగారు రోజూ బతిమాలుతున్నారు. తప్పకుండా బిగిస్తాను. కాకపోతే మా వంటింట్లో సింకు కూడా కారుతోంది.

ముందు సింకు, తర్వాత రాజసం!