మా ఊరి ఆర్ట్ సెంటర్

మెట్‌పల్లి పక్కనున్న మా పట్టణాన్ని దేశ కళాపటం మీద నిలబెట్టి తీరుతానని సామాజిక ఆరోగ్య గ్రాంటు కమిటీ చైర్మన్ భానుప్రసాద్ గారు బస్టాండు ముందు మైకు పట్టుకుని ప్రకటించారు. ఆరోగ్య గ్రాంటుకూ కళకూ ఏం సంబంధమని అడిగిన మూర్ఖుడు మా ఊళ్లో ఒక్కడూ లేడు. మేం అలా పెరగలేదు. నాయకుడు మాట్లాడితే ముందు చప్పట్లు, సందేహాలుంటే ఇంటికి పోయాక.

నా పేరు సిద్దిరాములు. నాది ఫ్లెక్సీలు కొట్టే షాపు. భానుప్రసాద్ గారు వార్డు మెంబరుగా ఉన్నప్పటి నుంచీ ఆయన ముఖాన్ని అంగుళం అంగుళం ఎరిగినవాణ్ణి. ఆయన చెంప మీది పుట్టుమచ్చ ఫొటోలో బాగాలేదంటే తీసింది నేనే. ఆ మచ్చలోనే పదవీయోగం ఉందని ఎవరో జ్యోతిష్కుడు చెబితే తిరిగి అతికించిందీ నేనే. అందుకే ఆయన ఘనత గురించి మాట్లాడే హక్కు నాకు కొంచెం ఎక్కువ.

ఆ గ్రాంటు వచ్చింది హెచ్ఐవీ కోసం. మా దిక్కు మగవాళ్లు భీవండిలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడపడానికి పోతారు, దుబాయి పోతారు, లారీలు నడుపుతారు. కొందరు జబ్బుతో తిరిగొస్తారు. ఊళ్లో ఆ జబ్బు పేరు ఎవరూ పలకరు, కళ్లతో చెప్పుకుంటారు. మందులు ఉచితమే. కానీ దూరపు దవాఖానకు పోవాలి, పనిదినం పోగొట్టుకోవాలి, ఎందుకు పోతున్నావంటే ప్రతిసారీ కొత్త అబద్ధం చెప్పాలి. ఆ బాధ లేకుండా మందులు ఊళ్లోనే ఇవ్వండి, కొత్తగా ఎవరికీ రాకుండా పరీక్షలు చేయండి అని గ్రాంటు ఇచ్చారు. ఆ కాగితంలో సెంటరు పేరు ఇంగ్లీషులో మూడక్షరాలు: ఏ, ఆర్, టీ. హెచ్ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్సకు పొట్టిపేరు అది. మామూలు మనుషులు ఆ అక్షరాల్ని విడివిడిగా చదువుతారు. నాయకుడన్నవాడు అందర్నీ కలుపుకుపోవాలి గనక మా చైర్మన్ గారు కలిపి చదివారు.

"సిద్దిరాములూ, బోర్డు రాసుకో. 'ఆర్ట్ సెంటర్'. దానికింద నా పేరు. దానికన్న పెద్దగ."

పక్కనే కౌన్సిలర్ స్పందన నిలబడి ఉంది. కౌన్సిలర్ అంటే మున్సిపాలిటీ కౌన్సిలర్ కాదు, రోగులకు ధైర్యం చెప్పే ఉద్యోగం. మొదటిరోజు చైర్మన్ గారు ఆమెను ఏ వార్డు నుంచి గెలిచావమ్మా అని అడిగారు.

"సార్, అది ఆర్ట్ కాదు సార్. ఏ, ఆర్, టీ..."

"నాకెర్కలేదా అమ్మా? ఏ, ఆర్, టీ కలిస్తె ఏమైతది? ఆర్ట్ గాక చాయ్ అయితదా?"

"సార్, ఇది హెచ్ఐవీ ప్రోగ్రాం."

చైర్మన్ గారు ఒక్క క్షణం ఆగారు. ఆయన ఆగడం నేను చూసింది అదొక్కసారే. తర్వాత ముఖం వెలిగిపోయింది.

"గదే నేను జెప్పేది. గీ రోగం ఎందుకొస్తుంది? మనసు ఖాళీగుంటె ఒస్తుంది. మనసు బొమ్మల మీదుంటె ఇంకోదాని మీదికి పోదు. గవర్నమెంటోళ్లు ఎంత లోతుగ ఆలోచించిండ్రో చూడు!"

ప్రారంభోత్సవం రోజు ఇదే మాట, రోగం పేరెత్తకుండా, మైకులో అన్నారు. జనం చలించిపోయారు. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు హనుమండ్లు గారిని పిలిచి ముందు గదిలో కూర్చోబెట్టారు. మందులు వెనక గదిలోకి పోయాయి, వాటితో పాటు స్పందన కూడా. ఆ అమ్మాయి పాపం, రిబ్బను కత్తిరించేంతసేపూ ఏడుపు ముఖం పెట్టింది.

కొన్నాళ్లకు ఆమే నా షాపుకొచ్చింది. ముఖం కళకళలాడుతోంది.

"అన్నా, గా బోర్డు గట్లనే ఉండనియ్యి. ఎవ్వరు మార్చుమన్నా మార్చకు. ఎన్నడు రానోళ్లు గూడ ఒస్తుండ్రు."

సంగతేమిటంటే, ఆ గుమ్మంలోకి పోయేవాళ్లు ముందు గదికి పోతున్నారో వెనక గదికి పోతున్నారో రోడ్డు మీది వాళ్లకు తెలియదు. ఎక్కడికని అడిగితే బొమ్మలు నేర్చుకోవడానికి అంటే సరిపోతుంది. బొగ్గుగనిలో దిగే కొమురెల్లి, తన కాలనీలో అందరూ ఎరిగినవాళ్లే అని, రెండు బస్సులు మారి మా ఊరు వచ్చేవాడు. పోయేటప్పుడు చుట్టచుట్టిన డ్రాయింగు కాగితం చంకలో ఉండేది. ఆ చుట్టలో మందు సీసా ఉండేది. మా ఊళ్లో కళకు ఇంత ఆదరణ ఉందని హనుమండ్లు మాస్టారుకు కళ్లనీళ్లు వచ్చేవి.

ఆయనది ఒకటే చాదస్తం. గుమ్మం దాటినవాళ్లు ఎవరైనా సరే చిలకను గీసి తీరాలి. మా వీధిలో బీడీలు చేసే సరోజన కూడా గీసింది. ఏం నేర్చుకున్నావే అని ఇరుగుపొరుగు పట్టుబడితే ఇంటి తలుపు మీద ఆకుపచ్చ చిలకను వేసి చూపించింది. దాన్ని కోడి అన్నవాళ్లు ఉన్నారు. అయినా నచ్చిందేమో, వీధిలో నాలుగు తలుపుల మీద చిలకలు వాలాయి.

ఇలా సుఖంగా ఉండగా హైదరాబాదు నుంచి అరుణ్‌కుమార్ అనే పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చారు. ఇంతమంది క్రమం తప్పకుండా మందులు తీసుకోవడం తానెక్కడా చూడలేదన్నారు. బయటికొచ్చి బోర్డు చూశారు. చూసి, కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

"బ్రిలియంట్ స్ట్రాటజీ చైర్మన్ గారూ! ఏఆర్‌టీ సెంటరుకు ఆర్ట్ సెంటర్ అని పేరు పెట్టి రోగుల గోప్యత కాపాడారు. ఎవరిదండీ ఈ ఐడియా?"

చైర్మన్ గారికి ఏఆర్‌టీ అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. కానీ ఆయన రెప్ప కూడా కదల్లేదు. "నాదే," అన్నారు.

అక్కడితో ఆగితే ఊరు బాగుపడేది. ఊరు బాగుపడితే రాజకీయం ఎందుకు? సాయంత్రానికి ఎదుటి పార్టీవాళ్లు వాట్సాప్‌లో పెట్టారు: 'మందుల కేంద్రానికి, బొమ్మల కేంద్రానికి తేడా తెల్వని చైర్మన్'. కింద నవ్వే బొమ్మలు. చైర్మన్ గారు ఆ బొమ్మల్ని లెక్కపెట్టుకుని అన్నం మానేశారు. తెల్లారి నా షాపు షట్టరు పూర్తిగా లేవకముందే వంగి లోపలికొచ్చారు.

"కొత్త బోర్డు. 'హెచ్ఐవీ, ఎయిడ్స్ రోగుల మందుల కేంద్రం'. ఎర్రక్షరాలు. గుడ్డోడు గూడ సదవాలె. బస్టాండు నుంచి బాణం గుర్తులు పెట్టు. నాకు తెల్వదంటరా? తెలుసని చూపిస్త."

ఆ మాట షాపులోంచి ఊళ్లోకి ఎలా పోయిందో తెలియదు. పొద్దుగూకే వేళకు సరోజన వచ్చి గడప బయటే నిలబడింది.

"అన్నా, కొత్త బోర్డు కొట్టకు."

"నీకేం పరేషాన్ చెల్లె? చిలకను గీసుడు నేర్చుకుంటివి. పని అయిపాయె గద."

కొంగు వేలికి చుట్టుకుంటూ వీధి అటూ ఇటూ చూసి గడప లోపలికి వచ్చింది.

"నేను పోయేది ఎనకర్రకు, మందుల గదికి. మా ఆయన భీవండిల ఉండంగ తెచ్చి నాకంటించి సచ్చిపోయిండు. మాత్ర రోజూ ఏసుకుంటున్న, మంచిగనే ఉన్న. బంద్ జేస్తె రోగం మల్ల లేస్తదని స్పందన మేడం చెప్పింది. బోర్డు మారినంక నేను గాడికెట్ల పోవాలె? అంతయ్యకు తెలిస్తె ఆకు బంద్ జెయ్యడా? నా చేతి బీడీ ఎవడు నోట్లె పెట్టుకుంటడు? బిడ్డ ఇంటర్ సదువుతుంది అన్నా."

అంతయ్య టేకేదారు. ఆడవాళ్లకు ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకుంటాడు. నాకు ఆ పూట బోర్డు మీద, చైర్మన్ మీద, నా మిషను మీద కూడా కోపం వచ్చింది. మర్నాడు స్పందనను వెంటబెట్టుకుని చైర్మన్ గారింటికి పోయాను.

స్పందన నచ్చజెప్పబోయింది. "సార్, ముట్టుకుంటె, కలిసి తింటె, బీడీ చేస్తె గీ రోగం రాదు. మనకు తెలుసు. కాని ఊరు నమ్మది. బోర్డు చూసి భయపడి ఎవ్వరు రారు. మందులు ఆగితె మనుషులు పోతరు సార్."

"గందుకే అవగాహన తేవాలె! రోగమొచ్చినోళ్లు సిగ్గుపడొద్దు. ధైర్యంగ ముందటి దర్వాజ నుంచి రావాలె. సిగ్గెందుకమ్మా? నన్ను చూడు. నాకేమన్న సిగ్గున్నదా?"

"లేదు సార్," అన్నాం ఇద్దరం ఒక్కసారే.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఫోనులో బోర్డు నమూనా తెరిచి ఆయన ముందు పెట్టాను. "సార్, జర చూడుండ్రి. మీద 'హెచ్ఐవీ, ఎయిడ్స్ రోగుల' అని ఉన్నది. గా అక్షరాల కిందనే మీ ఫొటో. చూసెటోళ్లు వేరే తీరుగ అనుకుంటరేమో."

చైర్మన్ గారు చూశారు. ఫోను దూరంగా పెట్టి చూశారు. దగ్గర పెట్టుకుని చూశారు. చెమట తుడుచుకున్నారు.

"తీసెయ్."

నా ప్రాణం లేచొచ్చింది. "బోర్డేనా సార్?"

"ఫొటో."

మా పట్టణ చరిత్రలో భానుప్రసాద్ గారి ముఖం లేని బోర్డు అదొక్కటే. ఎర్రక్షరాలతో లేచింది. గుడ్డోళ్ల సంగతి చెప్పలేను, కళ్లున్నవాళ్లంతా చదివారు. బొమ్మలు నేర్చుకునే పిల్లల్ని తల్లిదండ్రులు చెయ్యి పట్టి లాక్కుపోయారు. హనుమండ్లు మాస్టారును ఆయన భార్య గడప బయటే ఆపి, ఇన్ని దినాలు గాడ ఏం జేసినవని అడిగింది. చిలకలున్న తలుపులకు గబగబా రంగులు పడ్డాయి. సరోజన ఇంట్లో రంగు లేదు. పొయ్యిమసి తెచ్చి పూసింది. మసి కింద నుంచి ఆకుపచ్చ ముక్కు కనిపిస్తూనే ఉంది. అంతయ్య ఆ ముక్కు చూసి ఆకు ఇవ్వడం మానేశాడు.

కొమురెల్లి మళ్లీ మా బస్టాండులో దిగలేదు. స్పందన ఫోన్లు చేస్తే ఎత్తినవాడు లేడు. మందులు పట్టుకుని సరోజన ఇంటికి పోయింది. వీధి వీధంతా గడపల్లో నిలబడి చూస్తుంటే సరోజన తలుపు తియ్యలేదు. స్పందన ఆ సంచీతోనే నా షాపుకొచ్చి కూర్చుని ఏడ్చింది. నేను చాయ్ తెప్పించాను.

నెలలు గడిచాక చైర్మన్ గారు సెంటరుకు వచ్చారు. ముందు గది ఖాళీ. వెనక గది ఖాళీ. బెంచీ మీద వేలు పెట్టి దుమ్ము చూశారు.

"రోగులేరీ?"

"ఒక్కరు గూడ వస్తలేరు సార్," అంది స్పందన.

"ఒక్కరు గూడనా?" అంటూ ఆయన చేతులు జోడించి పైకి చూశారు. "ఇంత తొందరగ పాయెనా గీ రోగం!"

"సార్, రోగులు లేక గాదు. రాక."

"లేకపోవుడు, రాకపోవుడు ఒక్కటే గదమ్మా. ఓట్లనాడు రానోణ్ణి మనం లెక్కవెడ్తమా?"

ఆ వారమే ఆయనకు సన్మానం. గ్రాంటులో మిగిలినదంతా దండలకు, బాజాలకు, బిర్యానీకి సరిపోయింది. కరీంనగర్ నుంచి ఆదిలాబాదు దాకా ఇలాంటి పట్టణం లేదని వక్తలు చెప్పారు. చైర్మన్ గారు నాకు రెండంతస్తుల ఫ్లెక్సీ ఆర్డరిచ్చారు: 'మా పట్టణంలో హెచ్ఐవీ రోగి ఒక్కరూ లేరు'. పక్కన చేతులు జోడించిన ఆయన నిలువెత్తు ఫొటో. ఈసారి మచ్చ బాగా కనబడాలన్నారు.

అది మిషనులోంచి దిగుతుండగా సరోజన వచ్చింది. ముఖం పీక్కుపోయింది, మెడ ఎముకలు తేలాయి. అక్షరం అక్షరం కూడబలుక్కుని ఫ్లెక్సీ మొత్తం చదివింది.

"నిజమేనా అన్నా? ఒక్కరు గూడ లేరా?"

"చైర్మన్ చెప్పిండు గద."

"చైర్మన్ చెప్తె అంతయ్య ఇంటడా?"

"ఇంటడు. ఇద్దరిది ఒకటే పార్టీ."

"గట్లైతె గీసొంటిదే చిన్నది ఒకటి కొట్టియ్యి. ఇంటి ముందట కట్టుకుంట."

కొట్టిచ్చాను. తలుపు మీద మసి పూసిన చోట కట్టుకుంది. అంతయ్య బండాపి ఆ ఫ్లెక్సీని పైనుంచి కిందికి చదివాడు. చైర్మన్ గారి ఫొటోకు అలవాటు కొద్దీ దండం పెట్టాడు. ఊళ్లోనే రోగులు లేనప్పుడు ఈ ఇంట్లో ఎక్కణ్ణుంచి వస్తారన్న తర్కం ఆయనకూ నచ్చినట్టుంది. మర్నాటి నుంచి ఆకు, తంబాకు ఇవ్వడం మొదలుపెట్టాడు.

నేను షాపుకు పోతూ చూశాను. సరోజన అరుగు మీద చేట పెట్టుకుని బీడీలు చేస్తోంది. మధ్య మధ్య దగ్గు వస్తే చేట పక్కకు జరిపి, కొంగు అడ్డం పెట్టుకుంటోంది. దగ్గరికి పోయి, ఎవరికీ వినబడకుండా అడిగాను.

"చెల్లె, మందులు ఏసుకుంటున్నవా? స్పందన మేడంతోని తెప్పియ్యాల్నా?"

సరోజన నా వైపు, వీధి వైపు, తలుపు మీది ఫ్లెక్సీ వైపు చూసింది.

"రోగమే లేని ఊర్లె మందులెందుకన్నా?" అని కట్టకు దారం చుట్టి, ఇంకో ఆకు చేతిలోకి తీసుకుంది.