యూనిట్ పన్నెండు డాలర్లు

ఆ శనివారం పొద్దున విదాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త నఖ్లే టైల్స్ కొట్టుకి వెళ్ళిపోయాక కాఫీ కాచుకుని, వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని, నాలుగు చోట్లకి ఫోన్ చేసి, నుదుటి మీద ముడతలు పోవడానికి వేసే ఇంజెక్షన్ ఎంతవుతుందో కనుక్కోవాలి. వేయించుకోవాలని ఇంకా ఏమీ అనుకోలేదు. ధర తెలుసుకుంటే తప్పేముంది అని తనకి తానే సర్దిచెప్పుకుంది. బీరూట్‌లో ప్రతి ఆడమనిషీ ఈ మాటతోనే మొదలుపెడుతుంది.

ఆమె బడిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే టీచరు. ఏటేటా లెక్క తప్పిన పిల్లల పుణ్యమా అని నుదుటి మీద అడ్డంగా గీతలూ, కనుబొమల మధ్య నిలువుగా రెండు గీతలూ స్థిరపడ్డాయి. వాటిని చూసి ఆమె ఎన్నడూ బాధపడలేదు. కిందటి వారం కొత్త ప్రిన్సిపాల్ నవ్వుతూ, "మీ రిటైర్మెంట్ ఈ ఏడేనా, వచ్చే ఏడా మదామ్?" అని అడిగేదాకా. ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసుంది. సెప్టెంబరులో బడికి కొత్త ముఖాలు కావాలని ఆ ప్రిన్సిపాలే మీటింగులో అన్నాడు.

చిక్కేమిటంటే, ఇలాంటి ఇంజెక్షన్లు వేయించుకునేవాళ్ళని విదాద్ జీవితమంతా బాహాటంగా వెక్కిరించింది. మూడో అంతస్తులో ఉండే మదామ్ ఓల్గాకి "మైనపు బొమ్మ" అని పేరు పెట్టింది ఆవిడే. ఆ పేరు బిల్డింగంతా పాకింది. ఇప్పుడు తనే సూది కింద తల పెట్టిందని తెలిస్తే ఇక ఆ మెట్లెక్కి రాలేదు. అందుకే మొగుడిక్కూడా చెప్పదలచుకోలేదు. నఖ్లే చెవిన పడిన మాట సాయంత్రానికల్లా చర్చి మెట్ల మీదికి చేరుతుంది.

మొదటి ఫోన్ సముద్రం ఒడ్డునున్న పెద్ద క్లినిక్‌కి చేసింది.

"మేం ధరలు ఫోన్లో చెప్పం మదామ్. ముందు మీ ముఖంతో మాట్లాడాలి," అంది అక్కడి అమ్మాయి.

"ఇప్పుడు నీతో మాట్లాడుతున్నది నా ముఖమేనమ్మా."

"చూడ్డానికి వంద డాలర్లవుతుంది మదామ్."

రెండో చోట లెక్క ఇంకోరకంగా ఉంది. నుదురు ఒక ప్రాంతం, కనుబొమల నడిమి ఒక ప్రాంతం, కళ్ళ పక్కలు ఒక ప్రాంతం. ప్రాంతానికి నూట యాభై. మూడు తీసుకుంటే నాలుగోది సగం ధరకే.

"నాలుగోదెక్కడుంది?"

"మీరు రండి మదామ్. మేం వెతికి చూపిస్తాం."

మూడోది తమ బిల్డింగ్ కిందే ఉన్న ఖులూద్ బ్యూటీ సెలూన్. "మొత్తం ముఖం ఎనభై డాలర్లు ఆంటీ. జుట్టు సెట్ చెయ్యడం ఉచితం. ఇవాళొక్కరోజే," అంది ఖులూద్. విదాద్‌కి తల తిరిగింది. ఉల్లిపాయలు ఒకడు కిలో లెక్కన, ఇంకొకడు బుట్ట లెక్కన, మరొకడు కొనేవాడి హ్యాండ్‌బ్యాగు చూసి అమ్మినట్టుంది వ్యవహారం. లెక్కల టీచరుకే ఇది తేలలేదు.

నాలుగోది లమియా షిదియాక్ అనే చర్మ వైద్యురాలి క్లినిక్. అక్కడి అమ్మాయి తిన్నగా మాట్లాడింది. మందు యూనిట్ల లెక్కన వాడతారట. మామూలుగా నలభై దాకా పడతాయట; సరిగ్గా ఎన్నన్నది డాక్టరు చూసి చెప్పాలి గానీ, యూనిట్ ధర మాత్రం ఇది అని చెప్పేసింది. విదాద్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇది గుణించడానికి వీలైన లెక్క. ఆ ఉత్సాహంలో గొంతు కాస్త పెరిగింది.

"యూనిట్ పన్నెండు డాలర్లా? అంటే నలభై యూనిట్లకి నాలుగు వందల ఎనభై! పైన ఇరవై, రెండు పక్కలా చెరో పది… ఏమిటీ, మూణ్ణెల్లకో నాలుగు నెలలకో పోతుందా? పోతే మళ్ళీ డబ్బు కట్టాల్సిందేనా?"

సరిగ్గా అప్పుడే, కొట్టు తాళాలు మర్చిపోయి వెనక్కొచ్చిన నఖ్లే వంటింటి తలుపు తోశాడు.

"ఎవరు ఫోన్లో?"

విదాద్ ఫోన్ పెట్టేసింది. అబద్ధం ఆడడం అలవాటు లేనివాళ్ళు మొదట తోచినదే అనేస్తారు. ఆమెకి తోచింది యూనిట్లు, డబ్బు, పోవడం. ఈ మూడూ కలిసిన మనిషి ఆ పేటలో ఒక్కడే.

"జనరేటర్ వాళ్ళు," అంది.

ప్రభుత్వం ఇచ్చే కరెంటు రోజులో ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో దానికే తెలియదు. మిగతా వేళంతా పేట పేటకీ ఒకడు జనరేటర్ పెట్టి కరెంటు అమ్ముతాడు. ఇక్కడ అమ్మేవాడు అబూ నసీమ్. ఇన్నాళ్ళూ యూనిట్‌కి అర డాలరు కూడా పడేది కాదు.

"పన్నెండు డాలర్లా! నెత్తురు తాగుతాడా ఏం వాడు?" నఖ్లే ముఖం టమాటాలా ఎర్రబడింది. "పైవాళ్ళకి ఇరవై, పక్కవాళ్ళకి పదా? అంతస్తుని బట్టి రేటు పెట్టాడా? పైగా మూణ్ణెల్లకి పోతుందని ముందే చెప్తున్నాడా!"

"నువ్వు ముందు కొట్టుకెళ్ళు నఖ్లే. నేను మళ్ళీ కనుక్కుంటాలే."

"కొట్టు ఎక్కడికీ పోదు," అంటూ నఖ్లే మెట్లెక్కాడు.

ప్రతి తలుపూ కొట్టాడు. మగవాళ్ళు బనియన్ల మీదే బయటికొచ్చి తిట్లకి లంకించుకున్నారు. ఆడవాళ్ళ వరస మాత్రం నఖ్లేకి అంతుపట్టలేదు. ఒకావిడ "యూనిట్ పన్నెండా?" అని తగ్గు గొంతుతో మళ్ళీ అడిగి, మొగుడి వైపోసారి చూసి, లోపలికి పోయింది. ఇంకొకావిడ, "ఎక్కడ? ఏ వీధిలో?" అని అడిగింది.

మదామ్ ఓల్గా అయితే పట్టు గౌనులో గుమ్మానికి ఆనుకుని నిదానంగా విన్నది. ఆవిడ ముఖం ఒలిచిన కోడిగుడ్డులా నున్నగా ఉంది.

"పన్నెండుకే ఇస్తున్నారా? అయితే నీళ్ళు కలిపి ఉంటారు నఖ్లే."

"కరెంటులో నీళ్ళు కలపడమేమిటి మదామ్!"

"నాకు తెలిసింది చెప్పాను," అని ఓల్గా తలుపు వేసుకుంది.

విదాద్ ఇదంతా మెట్ల మలుపులో నిలబడి విన్నది. ఎదురెళ్ళి, "అబద్ధం చెప్పాను" అనేస్తే నిమిషంలో తేలిపోయే గొడవే. కానీ భయంలో ఆమె బుర్ర వేరే దారి పట్టింది. గుట్టు ఎలాగూ రట్టయ్యేట్టుంది. పరువు ఎలాగూ పోతుంది. ముఖమైనా బాగుపడితే అదే దక్కినట్టు. నలభై నిమిషాల పాఠంలో మూడు సార్లు "తొందరపడి జవాబు రాయకండి" అని చెప్పే మనిషి, తొందరతొందరగా ఖులూద్ సెలూన్‌లోకి దూరింది.

ఖులూద్ ఆమె మెడకి తువ్వాలు చుట్టి, ఫ్రిజ్ తెరిచి, పెరుగు డబ్బాకీ కూల్ డ్రింక్ సీసాకీ మధ్యనుంచి చిన్న మందు సీసా తీసింది. దాని మీద కాగితం సగం చిరిగిపోయి ఉంది.

"ఇందులో ఎన్ని యూనిట్లున్నాయి?" అని అడిగింది విదాద్.

"యూనిట్లూ గీనిట్లూ మనకెందుకాంటీ! నాది చుక్కల లెక్క."

"సీసా ఎప్పుడు తెరిచావ్?"

"మొన్నే. ఈస్టర్ తర్వాత పెళ్ళిళ్ళొచ్చాయే, అప్పుడు."

బయట ఆగస్టు ఎండ మండిపోతోంది. విదాద్ కుర్చీలో ముందుకి జరిగింది. "మరి డాక్టరెవరు?"

"డాక్టరెందుకాంటీ, మీకేం జబ్బా?" అని ఖులూద్ ఎడమ కనుబొమ పైన సూది దించేసింది.

అదే నిమిషంలో, రోడ్డు చివర జనరేటర్ షెడ్డు దగ్గర నఖ్లే, అబూ నసీమ్ ముఖం మీదే "దొంగ" అన్నాడు. అబూ నసీమ్ పెద్ద గొడవేమీ చెయ్యలేదు. "నా రేటు నచ్చకపోతే కొవ్వొత్తులు కొనుక్కోండి," అని ఆ బిల్డింగ్ స్విచ్ కిందికి లాగాడు. సెలూన్ చీకటైపోయింది. ఏసీ ఆగింది.

"కదలకండాంటీ! ఫోన్ లైటు పెట్టుకుంటాను. ఇంకా చాలా చుక్కలున్నాయి."

ఆ చీకట్లో విదాద్‌కి ఒక్కసారిగా వెలుగొచ్చింది. చెయ్యి ఎవరిదో తెలియదు, మందేమిటో తెలియదు, పైగా ఇప్పుడు సూది ఎక్కడ దిగుతుందో కూడా తెలియదు. మెడలో తువ్వాలుతోనే వీధిలోకి పరిగెత్తింది.

వీధి చివర, షెడ్డు ముందు బిల్డింగంతా ఉంది. ఉక్కకి ఇళ్ళలో ఉండలేక ఆడవాళ్ళు కూడా దిగొచ్చారు. నఖ్లే ఆమెని చూడగానే చెయ్యి పట్టుకుని గుంపు మధ్యకి లాక్కొచ్చాడు.

"ఇదిగో, నా భార్య! ఫోన్లో మాట్లాడింది ఈవిడే. లెక్కల టీచరు, ఒక్క అంకె పొల్లు పోనివ్వదు. చెప్పు విదాద్, యూనిట్ ఎంతన్నారు?"

అబూ నసీమ్ నల్ల చొక్కాలో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతన్ని మున్సిపాలిటీ వాళ్ళు కూడా నిలదీసి అడగరు. ఎంతమంది ఎన్ని తిట్టినా నుదుటి మీద ఒక్క గీతయినా పడదు. అది గుండె ధైర్యమని పేటలో పేరు.

"చెప్పండి మదామ్. నా ఆఫీసులో ఎవడా మాటన్నది? వాడి పేరు చెప్పండి, ఇప్పుడే పనిలోంచి తీసేస్తాను."

విదాద్ నోటి మాటకి ఎవడో గుమాస్తా బతుకు పోయేలా ఉంది. "పన్నెండు," అంది, ఏడుపు ఆపుకుంటూ. "కానీ మీ ఆఫీసు కాదు…"

అబూ నసీమ్ వంగి ఆమె ముఖంలోకి చూశాడు. ఎడమ కనుబొమ పైన చిన్న బుడిపె, దాని మీద నెత్తుటి చుక్క. అతని చేతులు వాటంతటవే విడిపోయాయి.

"ఒక్క వైపే వేసి వదిలేశారేం?" అన్నాడు మెల్లగా. తర్వాత ఏదో లెక్క కుదిరినట్టుంది, గొంతు లేచింది. "యూనిట్ పన్నెండా? నేను పద్దెనిమిది కడుతున్నాను!"

"నువ్వు కట్టడమేమిటి? కరెంటు నీదే కదా!" అన్నాడు నఖ్లే.

"పద్దెనిమిదా!" ఓల్గా గుంపుని తోసుకుంటూ ముందుకొచ్చింది. "ఎవడయ్యా ఆ దోపిడీగాడు? నాకే పద్నాలుగు."

"నాకు పదిహేను," అంది ఇంకొకావిడ. పక్కనే ఉన్న మొగుడు ఆమె వైపు తిరిగి నోరు తెరిచాడు. ఆ వెనక మరో రెండు గొంతులు లేచాయి. బిల్డింగులో సగం మంది ఆడవాళ్ళు, ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు, ఏళ్ళ తరబడి యూనిట్లు కొంటున్నారు.

విదాద్ మెడలోంచి తువ్వాలు తీసి నఖ్లే వైపు తిరిగింది. "అది జనరేటర్ ఫోన్ కాదు. నా నుదుటి కోసం అడుగుతున్నాను. నీకు అబద్ధం చెప్పాను."

నఖ్లే ఆమె నుదుటి వైపు చూశాడు.

"ఆ గీతలు తీయించేస్తావా?" అన్నాడు. "అవి ఉంటేనే కదా, నీకు కోపమొచ్చిందో లేదో నాకు తెలిసేది. అవి పోతే నేనెలా తెలుసుకోను?"

"అడుగు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగావా?"

తర్వాత ఆమె ఓల్గా వైపు తిరిగి, "మీకు పేరు పెట్టింది నేనే. క్షమించండి," అంది. "తెలుసు," అంది ఓల్గా. నొచ్చుకుందో లేదో ఆ ముఖంలో తెలియలేదు గానీ, చేతిరుమాలు తీసి విదాద్ నుదుటి మీది నెత్తురు తుడిచింది.

అక్కణ్ణుంచి సభ ఆడవాళ్ళ చేతిలోకి పోయింది. షెడ్డు ముందు డీజిల్ డబ్బాల మీద కూర్చుని విదాద్ పాఠం చెప్పింది. యూనిట్ ధర ఒక్కటే అడిగితే చాలదు, మొత్తం ఎన్ని పడతాయో కూడా అడగాలి. సీసా మన కళ్ళ ముందే తెరవాలి, దాని మీద పేరూ తేదీ ఉండాలి. సూది పట్టేది డాక్టరై ఉండాలి. తేడా వస్తే పది రోజుల తర్వాత ఎవరి తలుపు కొట్టాలో ముందే తెలియాలి. ముఖమంతా ఎనభై అన్నచోట మిగతాది ముఖమే కడుతుంది. అబూ నసీమ్ శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఎవరో ఉక్క అంటే, లేచి వెళ్ళి స్విచ్ వేసొచ్చాడు.

సోమవారం ఎనిమిది మంది కలిసి డాక్టర్ లమియా దగ్గరికి వెళ్ళి, ఇంతమందిమి వచ్చాం, యూనిట్ తొమ్మిదికి ఇమ్మని బేరమాడారు. "నేను కూరగాయలమ్మడం లేదు," అందావిడ. ధర తగ్గించలేదు. విదాద్ నుదురు మాత్రం నొక్కి, నవ్వమనీ కోప్పడమనీ చెప్పి చూసి, ఆ సెలూన్ మందు ఏమిటో తేలేదాకా ఏదీ వెయ్యనని, నెల ఆగి రమ్మని పంపేసింది. డబ్బు వద్దన్న వైద్యురాలిని చూడడం వాళ్ళకి అదే మొదలు. ఎనిమిది మందీ ఆవిడకే ఖాయమయ్యారు.

నెల తర్వాత ఆవిడ విదాద్‌కి పద్దెనిమిది యూనిట్లు వేసి, ఆ గీతల్ని మెత్తబరిచిందే గాని పూర్తిగా చెరపలేదు. "మీరు క్లాసులో కోప్పడాలి కదా," అంది. ప్రిన్సిపాల్ ఆ ఏడు విదాద్ రిటైర్మెంట్ ఊసెత్తలేదు. నఖ్లే రోజూ పొద్దున కాఫీ దగ్గర, "కోపంగా ఉన్నావా?" అని అడగడం మొదలుపెట్టాడు. రెండు వారాలయ్యేసరికి నిజంగానే కోపమొచ్చింది.

అబూ నసీమ్ కూడా డాక్టరు మార్చాడు. పన్నెండు చొప్పున, నుదుటికీ కళ్ళ పక్కలకీ కలిపి బాగానే పట్టిందట. ఆ నెలాఖరుకి జనరేటర్ రేటు పెరిగింది. నిలదీయడానికి వెళ్ళిన మగవాళ్ళు అతని ముఖంలోకి ఎంతసేపు చూసినా, సిగ్గుపడ్డాడో లేదో తేల్చుకోలేక తిరిగొచ్చారు.