పడితేనే కనిపించేవాడు

ఆ ఆదివారం ఉదయం పిచ్చుక వేసుకున్న పథకం చాలా చిన్నది: వంటింట్లో స్టూలెక్కి, దాని మీంచి పడాలి.

ఇంట్లో పిచ్చుక అని పిలిచే ఆ పదహారేళ్ల పిల్లకు ఆ కోరిక ఊరికే పుట్టలేదు. ముందురోజు మెట్ల మీద కాలు జారినప్పుడు, గాల్లోంచి ఒక కుర్రాడు వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తెల్లటి రెక్కలు, చెదిరిన జుట్టు, బోలెడంత సిగ్గు. "నేను నీ కాపలా దేవదూతని. ప్రమాదం వస్తేనే కనిపించాలి, అది రూలు," అన్నాడు. చెయ్యి వదలడం మాత్రం కాసేపు మరిచిపోయాడు. ఆ కాసేపునే తలుచుకుంటూ పిచ్చుక తెల్లార్లూ దొర్లింది.

ఆ ఇంట్లో తలుచుకోవడానికి వేరే సంతోషాలేమీ లేవు. అమ్మా నాన్నా మాట్లాడుకోవడం మానేసి నెల దాటింది. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో పిచ్చుకే మోయాలి. వడ్రంగి అయిన నాన్న, సాయంత్రం బాబాయి ఇంటికి వెళ్లిపోవడానికి పనిముట్ల పెట్టె సర్ది గుమ్మం పక్కన పెట్టుకున్నాడు. మళ్లీ వస్తావా అని అడిగే ధైర్యం ఆమెకు లేదు.

ఊరందరి కుర్చీలూ బాగుచేసేవాడి ఇంట్లో స్టూలు సహజంగానే కుంటిది. ఎక్కగానే ఒరిగింది. దేవదూత వచ్చి ఆమె భుజాలు పట్టుకున్నాడు. రెక్క తగిలి అలమరలోని గిన్నెలన్నీ కిందికి దొర్లాయి.

"మళ్లీ నువ్వేనా? పొరపాటున పడ్డావా?"

"కాదు."

దేవదూత చెవులు ఎర్రబడ్డాయి. గిన్నెల చప్పుడుకు అమ్మా నాన్నా పరుగెత్తుకొచ్చేసరికి మాయమయ్యాడు.

"మీ నాన్నకి చెప్పవే, సొంతింటి స్టూలు బాగుచేసే తీరిక ఆయనకెప్పుడూ ఉండదని."

"మీ అమ్మకి చెప్పమ్మా, ఒక్కసారైనా అడిగితే కదా తెలిసేదని."

పిచ్చుక పైకప్పు వైపు చూసి నవ్వుకుంటోంది. ఏ కబురూ చేరవేయలేదు. వాళ్లిద్దరూ ఏం చేయాలో తోచక చెరో గదిలోకి వెళ్లారు.

తర్వాత పిచ్చుక స్నానాల గది తడి నేల మీద జారింది. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలి మరీ పడబోయింది. ఈసారి కుట్టుమిషను దగ్గరున్న అమ్మ చూసింది; పట్టుకున్న దేవదూత మాత్రం ఆమెకు కనబడలేదు.

"ఏవండీ! ఇది పడుతూ నవ్వుతోందండీ!"

"నవ్వుతోందా? తలకేమైనా తగిలిందంటావా?"

"నన్నడుగుతారేం? డాక్టర్ని పిలవండి ముందు!"

దొరికింది పక్కింటి పశువుల డాక్టరు. ఆయన పిచ్చుక కనురెప్పలు ఎత్తి చూసి, అలవాటు కొద్దీ చెవి కూడా తడిమాడు. "నా దగ్గరికొచ్చేవేవీ నవ్వవు, కాబట్టి కచ్చితంగా చెప్పలేను. పిల్లని మాత్రం ఒంటరిగా వదలొద్దు. ఒకరు పనిలో ఉంటే ఇంకొకరు కనిపెట్టుకుని ఉండాలి. ఇది ఒక్కరి వల్ల అయ్యేది కాదు."

మధ్యాహ్నానికి గుమ్మం పక్కన సర్దిన పనిముట్లన్నీ ఇల్లంతా పరుచుకున్నాయి. స్టూలు కాలు కుదురుకుంది, బల్లల మూలలు గుండ్రంగా మారాయి, మెట్ల పక్కన పట్టుకోవడానికి కర్ర లేచింది.

"ఇంకాస్త పైకండీ, పిల్ల ఎత్తు మీకు తెలీదూ?"

"తెలుసులే. ఇదిగో, ఇక్కడ పట్టుకో."

అమ్మ పట్టుకుంది. మేకు దిగిపోయాక కూడా ఇద్దరి చేతులూ ఆ కర్ర మీదే ఉన్నాయి.

చుట్టూ దిండ్లతో మంచం నడుమ కూర్చున్న పిచ్చుకకు అది తలుపులోంచి కనిపించింది. ఇక ఆ ఇంట్లో పడటానికి చోటే లేదు. నవ్వబోతే కళ్లు నిండాయి.

దేవదూత మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

"ఎలా వచ్చావు? నేను పడలేదుగా."

"ఏడవబోయావు. రూల్లో అదీ ఉంది." చేతులు ఒళ్లో దాచుకున్నాడు. "నన్ను నీ దగ్గర్నుంచి మార్చేశారు. నీకిక ప్రమాదం లేదట."

"మళ్లీ రావా?"

"రాకపోతేనే నువ్వు బాగున్నట్టు. నాకైతే బాగుండదు," అన్నాడు.

పిచ్చుకే అతని చెయ్యి వెతికి పట్టుకుంది. ఈసారి వదలడం ఇద్దరూ మరిచిపోయారు.

"ఎవరికి కాపలా వేశారు నిన్ను?"

"మీ నాన్నకి."

"నాన్నకేం ప్రమాదం?"

అంతలో వంటింట్లోంచి నాన్న గొంతు హుషారుగా వినిపించింది: "నెల రోజులుగా చెప్పాలనుకుంటున్నా, నీ కూరలో ఉప్పు మరీ ఎక్కువే!"

దేవదూత రెక్కలు సర్దుకునే తీరిక కూడా లేక కాళ్లతోనే పరుగెత్తాడు.