వీపులో కుడి సగం

ఆ ఉదయం అమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. కొడుకు చొక్కాకు ఊడిన గుండీ కుట్టాలి. "విప్పి ఇలా ఇవ్వరా. ఇలాగే ఆఫీసుకెళ్తే తల్లి లేని పిల్లాడనుకుంటారు" అంది. వాడు చొక్కా విప్పి అటు తిరిగాడు. అమ్మ చేతిలోంచి సూది జారిపోయింది.

వీపు మీద అంటించిన రెండు మందు పట్టీలు. వాటి చుట్టూ నీలం సిరా గీతలు.

"నాకు చెప్పకుండా ఒంట్లోంచి ఏం తీయించుకున్నావురా!"

కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మొక్కల్లోంచి మందులు తీసే ప్రయోగశాలలో ఆమె ఉద్యోగం. "ఏం లేదత్తయ్యా. బెల్టు బకిల్ తగిలితే ఈయనకు దద్దుర్లొస్తాయి కదా, అది అందులోని నికెల్ వల్ల. ఒంట్లో కాపలా కణాలుంటాయి. నికెల్ తగిలితే దొంగ వచ్చాడనుకుని ఊరంతా లేపుతాయి. ఆ గోలే దురద. ఒక ఆకులోని పదార్థం వాటిని ఊరుకోబెడుతుందేమోనని చూస్తున్నాం. రెండు పట్టీల్లోనూ నికెల్ ఉంది. ఎడమదాంట్లో ఆకు మందు కలిపాం, కుడిదాంట్లో లేదు."

"కుడివైపు ఏం పాపం చేసిందే?"

"తేడా తెలియాలి కదండీ. రేపు మా సార్ చూస్తారు. తేడా లేకపోతే నా మందును పక్కన పడేస్తారు. ఎన్నాళ్ల కష్టమో! తడి మాత్రం తగలనివ్వకండి."

అమ్మ చెవికెక్కింది వేరు. మొన్నమొన్నటి దాకా దురదొస్తే "అమ్మా, గోకవే" అంటూ వచ్చినవాడు ఇప్పుడు వీపు మొత్తం పెళ్లానికి రాసిచ్చేశాడు. పోనీ ఆవిడగారైనా పూర్తిగా చూస్తోందా అంటే సగానికే మందు. మిగతా సగం ఎవరిది? కన్నతల్లిది కాదూ!

సాయంత్రం వాడు వచ్చి, చొక్కా విప్పి బోర్లా పడి నిద్రపోయాడు. కోడలింకా రాలేదు. అమ్మ కుడి పట్టీ ఎత్తి చూస్తే చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. ఇది వీపంతా పాకి, గుండెకు పాకితే? కుండీలోని కలబంద మట్ట కోసి జిగురు పట్టించింది. అది జారి ఎడమవైపుకు పాకింది. ఆ పట్టీ కూడా ఊడింది. తువ్వాలుతో తుడిస్తే సిరా గీతలూ పోయాయి. చేతిలో రెండు పట్టీలు మిగిలాయి, కవలపిల్లల్లా. ఏది ఎటుదో పైవాడికే తెలియాలి. తోచినట్టు అంటించి, పెన్నుతో గీతలు గీసింది. మళ్లీ పొరపాటు జరగకూడదని పెద్ద పెద్ద అక్షరాలతో "కుడి", "ఎడమ" అని కూడా రాసింది.

మర్నాడు పట్టీ పీకితే కొడుకు ప్రాణం పోతుందేమోనని తనూ ప్రయోగశాలకు వెంట వెళ్లింది.

సారు పట్టీలు తీసి చూశాడు. "రెండు వైపులా ఒకేలా ఉందమ్మా. తేడా ఏం లేదు."

కోడలి ముఖం పాలిపోయింది. కోడలి మందు ఓడినందుకు అమ్మకు క్షణంసేపు లోలోపల సంతోషమేసింది. అంతలో సారు కళ్లద్దాలు సవరించుకున్నాడు. "వీపు మీద ఈ రాతలేమిటి? ఎవరి దస్తూరి ఇది?"

కోడలు అత్తగారి వంక చూసింది. "నేనే రాశాను సార్" అంది.

అమ్మ అన్నీ ఓర్చుకోగలదు గానీ, ఇది ఓర్చుకోలేకపోయింది. "అబద్ధం బాబూ! రాసింది నేను. దానికింత గుండ్రంగా రాయడం ఎక్కడొచ్చు?"

ఇక కలబంద, తువ్వాలు, కవలపిల్లలు, అన్నీ వరసగా బయటికొచ్చాయి.

"అయితే ఓడింది మందు కాదు, పరీక్ష" అన్నాడు సారు. "మళ్లీ చేద్దాం. కానీ ఈ వీపు ఇప్పట్లో పనికిరాదు. నికెల్ పడని మనిషి ఇంకెవరైనా కావాలి. అది సరే, మీ మణికట్టు మీద అదేంటమ్మా?"

"గడియారం కింద ఎప్పుడూ ఉండేదే. వయసు మచ్చ."

"కాకపోవచ్చు. మీకూ నికెల్ పడదేమో."

అమ్మ నిటారుగా నిలబడింది. "అంటే వీడి దురద నా పోలికన్నమాట!"

"అలా కచ్చితంగా చెప్పలేమండీ" అంది కోడలు. వినేదెవరు?

"నా వీపు తీసుకో బాబూ. రెండు వైపులా!"

ఇప్పుడు ఇంట్లో అమ్మ వీపు మీద రెండు పట్టీలతో బోర్లా పడుకుని ఉంది. "కదలకండి అత్తయ్యా, మంటగా ఉందా?" అంటూ కోడలు పక్కనే. "ఫరవాలేదు తల్లీ, కాస్త విసురు" అంటూ అమ్మ.

కొడుకు గుమ్మంలోకొచ్చి చొక్కా పైకెత్తాడు. "నాకూ దురదగానే ఉంది" అన్నాడు.

"ఆగు!" అన్నారిద్దరూ ఒక్కసారే.

గుమ్మానికి వీపు రుద్దుకోవడం వాడు ఆ రోజే నేర్చుకున్నాడు.