లాంచీ ఎక్కిన రుబ్బురోలు

ఒక పెద్ద అడవిలో మగజంతువులకి ఏడాదికి పదిరోజులు సెలవులుండేవి. ఆడజంతువులకి ఉండేవి కావు. వాళ్లు చేసేది పని కిందకి రాదు కాబట్టి సెలవు అవసరం లేదని అడవి సభ ఏనాడో తీర్మానించింది.

ఆ ఏడు మాత్రం సభకి ఎందుకో దయ కలిగింది. కుటుంబాలతో సహా మూడురోజులు నదీ విహారానికి వెళ్దామంది. సభాధ్యక్షుడు అడవిదున్న పోలయ్య దాన్ని లాంచీ ప్రయాణం అంటే ఊరుకునేవాడు కాదు. "క్రూజ్ అనండి. లాంచీలో సంతకి పోతారు," అనేవాడు.

కబురు వినగానే ఎలుగుబంటి నూకాలు రేవుకి వెళ్లి, లాంచీ నడిపే సరంగు తాబేలుని పలకరించింది.

"తాతా, లాంచీలో వంటెవరు చేస్తారు?"

"మా నీటికుక్కలు ఉన్నాయి కదమ్మా. మూడుపూటలా వండి వడ్డిస్తాయి. నువ్వు కూచుని గట్లు చూడటమే పని."

"వడ్డన కూడా వాళ్లదేనా? వేడివేడిగానే?"

తాబేలుకి ఆ రెండో ప్రశ్న అర్థం కాలేదు. పద్నాలుగేళ్ల కాపురంలో నూకాలు వేడి తిండి తిన్నది పురిట్లో ఉన్నప్పుడే. మొగుడు సింహాద్రి తిని, పిల్లలు తిని, సింహాద్రి స్నేహితులు తిని లేచాక, ఆమె విస్తట్లోకి వచ్చేది గిన్నె అడుగు. మూడురోజులు, తొమ్మిది పూటలు అని వేళ్లు మడుచుకుంటూ ఆమె ఇల్లు చేరింది.

మర్నాడు యాత్రా సన్నాహక సంఘం నూకాలు ఇంట్లోనే కూచుంది. అందరూ మగవాళ్లే. ఇంట్లో తన తువ్వాలు ఎక్కడుంటుందో తెలియని సింహాద్రి సామాన్ల బాధ్యుడు.

"మొదటి సూచన," అన్నాడు పోలయ్య. "బయటి తిండి నా కడుపుకి పడదు. ఆ లాంచీ వంటవాళ్లని రావద్దనండి. మన ఆడవాళ్లున్నారుగా."

"వాళ్లకీ కాస్త కాలక్షేపం ఉండాలి పాపం," అన్నాడు నెమలి చంద్రయ్య. స్త్రీ గౌరవం మీద ఏటా ఉపన్యాసం ఇచ్చేది ఇతనే.

టీ గ్లాసులు పట్టుకొచ్చిన నూకాలు ఆ మాట గుమ్మంలోనే వింది. తొమ్మిది పూటలూ అక్కడే పోయాయి.

"అధ్యక్షా, ఒక మాట..."

"వంట గురించైతేనే చెప్పమ్మా. మిగతావి మేం చూసుకుంటాం."

నూకాలు గ్లాసులు కింద పెట్టింది. అప్పటికి ఆమె మనసులో ఏ ఎత్తూ లేదు. ఒట్టి ఒళ్లుమంట. "వంట గురించే. ఎవరికి ఏం కావాలో ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాను. నీళ్ల మధ్య అది లేదు, ఇది లేదంటే నా మీదకే వస్తుంది."

పోలయ్యకి పచ్చడి రోట్లో రుబ్బితే తప్ప ముద్ద దిగదు. రుబ్బురోలు రాసుకుంది. చంద్రయ్య ఆరోగ్యం కోసం తిరగట్లో విసిరిన జొన్నపిండే తింటాడు. తిరగలి. సింహాద్రికి ఇప్పపూల కుడుములు ఇత్తడి గుండిగలోనే ఉడకాలి. ఊరగాయ జాడీలు ఆరు, రాతిపొయ్యిలు మూడు.

"స్నానాలకి వేణ్నీళ్ల కాగు?" అంది నూకాలు.

"అది అడగాలా?" అన్నాడు సింహాద్రి.

ప్రయాణం రోజున సామానంతా ఎక్కింది, అందరూ ఎక్కారు. తాబేలు లాంచీ పక్కన బరువు హద్దుగా గీసిన తెల్లగీత కోసం వంగి చూశాడు. గీత కనబడలేదు, మునిగిపోయింది.

"సగం బరువు దించితేగానీ నేను లాంచీ కదపను," అన్నాడు.

పోలయ్య అక్కడికక్కడే సభ పెట్టాడు. రోలు దించడానికి తను ఒప్పుకోలేదు. తిరగలికి చంద్రయ్య అడ్డుపడ్డాడు. గుండిగ మీద సింహాద్రి ఎక్కి కూచున్నాడు. ఇక బరువైనవి ఏమున్నాయా అని ముగ్గురూ చుట్టూ చూశారు.

"త్యాగం స్త్రీకి అలంకారం," అన్నాడు చంద్రయ్య. చేతులు లేచాయి. ఆడవాళ్లకి ఓటు లేదు కనక తీర్మానం ఏకగ్రీవం. ఆడవాళ్లు దిగారు. పిల్లలు దిగమన్నా దిగలేదు.

లాంచీ వెళ్లిపోయింది. నూకాలు ఇసకలో కూలబడింది. పక్కన పోలయ్య భార్య పైడమ్మ ముక్కు చీదుకుంది.

రేవు చివర నీటికుక్కలు మూటల మీద దిగులుగా కూచుని ఉన్నాయి. అందులో ఒకటి దగ్గరికొచ్చింది.

"అమ్మా, మమ్మల్నీ వద్దన్నారు. మూడురోజులకని తెచ్చిన సరుకు పాడైపోతుంది. మీరేమైనా తింటారా?"

"ఎవరు వండాలి?" అంది నూకాలు అనుమానంగా.

"మేమేనమ్మా. ఇంకెవరు?"

గంటలో విస్తళ్లు పడ్డాయి. వెదురుకొమ్ముల కూర పొగలు కక్కుతోంది. నూకాలు అలవాటుగా మొదటి గరిటె తీసి పక్కన పెట్టింది.

"అదెవరికే?" అంది పైడమ్మ.

నూకాలు అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. ముద్ద నోట్లో పెట్టుకుంటే నాలుక చుర్రుమంది. నమ్మకం కుదరక రెండో ముద్ద పెట్టుకుంది. అదీ చుర్రుమంది.

ఏటి మలుపులో వంటకని ఆగిన లాంచీ నుంచి సింహాద్రి కేక వినబడింది. "ఏమే, ఈ పొయ్యి ఎలా అంటుకుంటుందీ?"

"వినబడటం లేదండీ," అని నూకాలు పులుసు వడ్డించమంది.

మూడోనాటికి లాంచీ తిరిగొచ్చింది. మగవాళ్లు ఆరు జాడీల ఊరగాయ తప్ప మరేమీ తినలేదు. బయటి తిండి పడని పోలయ్య ఇంటి ఊరగాయకే కడుపు పట్టుకుని దిగాడు. పచ్చి చింతకాయలతో గడిపిన పిల్లలొక్కళ్లే హుషారుగా ఉన్నారు.

పోలయ్య గట్టు ఎక్కకుండానే తీర్మానం చదివాడు. "వచ్చే ఏడు ఆడవాళ్లు లాంచీ ఎక్కి తీరాలి."

"అదెలా కుదురుతుంది అధ్యక్షా?" అంది నూకాలు, పళ్లు కుట్టుకుంటూ. "త్యాగం మా అలంకారమని మీరే చేతులెత్తారు. ఉన్న ఒక్క నగా తీసెయ్యమంటే ఎట్లా? ఈసారి రెండు రోళ్లు పంపిస్తాం, వెళ్లిరండి."

కాబట్టి విహారయాత్రకి ముందు తేల్చుకోవాల్సింది మనం ఎక్కడికి వెళ్లాలన్నది కాదు, ఎవరిని సాగనంపాలన్నది.