నినాదాలకు రసీదు

ఆ రోజు రసీదమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్ళాలి, తల వంచుకుని పని చేసుకోవాలి, సాయంత్రం ఐదింటికి ఉద్యోగం ఖాయమైన ఉత్తర్వు పట్టుకుని ఇంటికి రావాలి. మధ్యలో ఎవరి కంటా పడకూడదు, ఎవరి నోటా నానకూడదు. ఆర్నెల్ల ప్రొబేషన్ ఆ సాయంత్రంతో పూర్తవుతుంది. సూపరింటెండెంటు సంతకం ఒక్కటే మిగిలింది.

రసీదమ్మ అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. పొదుపు సంస్థల మీద నిఘా ఉంచే ప్రభుత్వ కార్యాలయంలో ఆమెది ఇన్‌వార్డు సీటు. బయటినుంచి వచ్చిన ప్రతి కాగితం మీదా ముద్ర కొట్టి, రిజిస్టర్లో ఎక్కించి, తెచ్చినవాళ్ళకు రసీదు ఇవ్వడం ఆమె పని. తన ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి కావడంతో, నిబంధనల పుస్తకమంటే ఆమెకు భయం కన్నా గౌరవం ఎక్కువ. చేరిన మొదటి వారంలోనే, పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన టైపిస్టుకు రసీదు చింపి చేతిలో పెట్టింది. దాంతో ఆ పేరు స్థిరపడిపోయింది.

ఆమె బయల్దేరే వేళకి వాళ్ళమ్మ కుట్టుమిషను పక్కన నేలమీద కూర్చుని నినాదం రాసిన ఒక అట్టకు కర్ర బిగిస్తోంది.

"అమ్మా, ఈ ఒక్కరోజూ వెళ్ళకమ్మా."

"ఎనిమిది నెలలు ఎండలో కూర్చున్నప్పుడు వద్దనలేదు. ఇవాళ హాల్లో ఫ్యాను కింద కూర్చోబెట్టి మైకిస్తామంటే వద్దంటావేమే?"

"నా ఉత్తర్వు మీద సంతకం పెట్టేది ఇవాళే. నువ్వు అరిచిన అరుపుకి ఆ కలం ఆగిపోతే?"

"నువ్వు నా కూతురివని ఎవరికీ చెప్పన్లే. ఎవరైనా అడిగితే, ఆ పిల్లని నేనెప్పుడూ చూళ్ళేదంటా. చాలా?"

దర్జీపని చేసి కూడబెట్టినదంతా ఆ తల్లి ఒక పొదుపు సంస్థలో దాచింది. ఒకనాడు ఆ సంస్థ తలుపులు తెరుచుకోలేదు. ఊళ్ళో ఆమెలాంటివాళ్ళు వందల్లో ఉన్నారు. ఆ సంస్థ లెక్కలు భేషుగ్గా ఉన్నాయని ఏటా సర్టిఫికెట్టు ఇచ్చింది రసీదమ్మ చేరిన ఈ ఆఫీసే. ఫిర్యాదులు పట్టుకొస్తే రెండేళ్ళపాటు మొహం మీదే కిటికీ మూసిన ఆఫీసూ ఇదే. విసిగిపోయిన జనం ఆఫీసు ముందు రోడ్డు మీద కూర్చున్నారు. అది మొదలు ఊరు రెండు ముక్కలైంది. అధికారులే దొంగలకు కొమ్ము కాస్తే రోడ్డెక్కక ఏం చేస్తారని సగం మంది, పద్ధతిగా కాగితం రాయక ఈ కేకలేమిటని సగం మంది. చివరికి ఒక టీవీ చానలు ఆ గొడవేదో అందరి ముందూ తేల్చుకోమంది. పన్నెండింటికి ఆఫీసు సమావేశ మందిరంలోనే బహిరంగ చర్చ. ప్రభుత్వం తరఫున ఆ ఆఫీసు పెద్దసారు, జనం తరఫున సొమ్ము పోగొట్టుకున్నవాళ్ళలో ఒకడైన సైకిల్ షాపు పెద్దాయన.

రసీదమ్మ చేరిన రోజున సూపరింటెండెంటు ఆమెతో ఒక మాట అన్నాడు. "ఆ సంస్థ మీద ఎవరైనా కాగితం తెస్తే తర్వాత రమ్మని చెప్పు." ఆమె, "రాసిస్తారా సార్?" అని అడిగింది. "రాసిస్తాలే," అన్నాడాయన. ఆర్నెల్లయినా రాసివ్వలేదు. అప్పటికే జనం కిటికీ మీద ఆశ వదులుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోవడంతో ఆ అవసరమూ రాలేదు.

తొమ్మిదింబావుకి వాచ్‌మన్ చంకనిండా అట్టలతో ఇన్‌వార్డు గదిలోకి వచ్చాడు. వెనకాలే, తన అట్ట కొసను వదలకుండా పట్టుకుని సైకిల్ షాపు పెద్దాయన.

"తల్లీ, వీటిని నీ గదిలో పడేసుకో. కెమెరాలో పడకూడదని సూపరింటెండెంటు గారి హుకుం. చర్చయ్యాక ఇచ్చేద్దాం."

"పడెయ్యడానికి అదేమన్నా చిత్తుకాగితమా?" అన్నాడు పెద్దాయన. "ఎనిమిది నెలల్నుంచి మోస్తున్నానయ్యా. ఊరికే వదిలి పోను. రసీదు ఇవ్వండి, అప్పుడు వదుల్తా."

రసీదు అడిగినవాళ్ళను రసీదమ్మ కాదనలేదు. అయితే రిజిస్టర్లో ఎక్కించకుండా రసీదు రాయకూడదు. విషయం ఏమిటో చదవకుండా రిజిస్టర్లో ఎక్కించకూడదు. అందుకని అట్టను తనవైపు తిప్పుకుని చదివింది.

"అధికారి గారూ! పొదుపు సంస్థ మా సొమ్ము మింగింది. మీవాళ్ళు చూస్తూ ఊరుకున్నారు. వెంటనే విచారణ జరిపించండి!"

ఆమె రెండోసారి చదివింది. డిపార్టుమెంటు పరీక్షకు పుస్తకాన్ని బట్టీ పట్టిన మనిషి. అర్జీ అంటే ఎవరికి, ఏ విషయం మీద, ఏం కోరుతూ, ఎవరు రాసినదో తెలియాలి. మొదటి మూడూ ఆ అట్ట మీద అరచేతంత అక్షరాల్లో ఉన్నాయి.

"సంతకం లేదండీ," అంది నీరసంగా, గండం గడిచిందనుకుని.

"అంతేనా? కలం ఇటివ్వు." పెద్దాయన నూనె మరకల చేత్తో అట్ట కింద సంతకం గీకాడు.

ఇంక దారి లేదు. నాలుగూ ఉన్న అర్జీని తిరస్కరించకూడదని నిబంధన. కాగితమే అయి ఉండాలనీ, కర్ర ఉండకూడదనీ పుస్తకంలో ఎక్కడా లేదు. తర్వాత రమ్మనమన్న సూపరింటెండెంటు మాట ఒకసారి చెవిలో మెదిలింది గాని, అది రాతలో లేదు. రసీదమ్మ కళ్ళు మూసుకుని ముద్ర కొట్టింది.

పెద్దాయన రసీదు చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, అంటే మా ఫిర్యాదు ఆఫీసుకు ముట్టినట్టేనా?"

"ముట్టినట్టే కదండీ. నంబరు వేశానుగా."

డెబ్భై ఏళ్ళ మనిషి గేటు వైపు పరిగెత్తడం ఆ ఆఫీసు అంతకు ముందు చూడలేదు.

పది నిమిషాల్లో కిటికీ ముందు వరస తయారైంది. అట్టలు, కర్రలు, తలపట్టీలు. పన్నెండడుగుల బ్యానరును నలుగురు చాపలా పట్టుకుంటే మూలన ముద్ర కొట్టింది. నినాదం రాసిన గొడుగును తెరిపించి ఒకసారి, మూయించి ఒకసారి పరీక్షించి తీసుకుంది. ఒకాయన వెనక్కి తిరిగి వీపు చూపించాడు. చొక్కా మీద "మా డబ్బు మాకిప్పించండి" అని రాసి ఉంది.

"చొక్కా విప్పి ఇస్తే తీసుకుంటానండీ. మనిషిని తీసుకోవడానికి రిజిస్టర్లో గడి లేదు."

ఆయన అక్కడే విప్పి, సంతకం పెట్టి ఇచ్చి, బనీనుతో వెళ్ళి హాల్లో ముందు వరసలో కూర్చున్నాడు.

కుర్చీలు సర్దిస్తూ తిరుగుతున్న సూపరింటెండెంటు కంట ఈ వరస పడింది. ఎనిమిది నెలలుగా కేకలు వేస్తున్న జనం నోరు మెదపకుండా నిలబడి, తెల్లచీటీ అందుకుని, నవ్వుకుంటూ హాల్లోకి వెళ్తున్నారు. చర్చకు ప్రవేశం టోకెన్లు ఇచ్చే ఏర్పాటు ఎవరో చేసి ఉంటారని ఆయన అనుకున్నాడు. టీవీవాళ్ళు కెమెరా ఇటు తిప్పేసరికి, ఆ ఎవరో తానేనని నిశ్చయించుకున్నాడు.

"చూడండి, ఎంత క్రమశిక్షణో! ఇదంతా నా పర్యవేక్షణే," అని కెమెరాకు చెప్పి, కిటికీలోకి తొంగి చూశాడు. "ఏమ్మా, చీటీలు అందరికీ అందుతున్నాయా? ఒక్కరిని కూడా ఉత్త చేతుల్తో పంపొద్దు."

రసీదమ్మ లేచి నిలబడింది. "అందరికీ ఇవ్వమంటారా సార్? రాసిస్తారా?"

మామూలు రోజైతే విసుక్కునేవాడే. ఇవాళ కెమెరా ఉంది. "దానికేం భాగ్యం!" అని ఒక కాగితం ముక్క మీద "వచ్చినవారందరికీ ఇవ్వవలెను" అని రాసి, సంతకం కిందికి సాగదీసి, తారీఖు కూడా వేసి ఇచ్చాడు. ఇంకో ఇంకు ప్యాడు, ఒక కప్పు టీ పంపించాడు. రసీదమ్మ ఆ ముక్కను రిజిస్టరుకు పిన్ను గుచ్చింది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. పై అధికారి ఇంత మంచివాడని ఆర్నెల్లుగా తెలుసుకోలేకపోయినందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

పదకొండున్నరకు కిటికీ ముందుకి వాళ్ళమ్మ వచ్చింది.

"నేనీ అమ్మాయిని ఎప్పుడూ చూళ్ళేదండీ," అంది, ఎవరూ అడక్కుండానే, వెనకాల ఉన్నావిడతో. ఒక్క క్షణం ఆగింది. అంతకు మించి ఆగలేకపోయింది. "ఆ ముద్ర చూశారా, ఎంత నిటారుగా కొడుతోందో! చిన్నప్పుడు పలక మీద గీత గీసినా అంతే."

"మీకెలా తెలుసండీ?"

"మొహం చూస్తే తెలీదా ఏంటి?"

రసీదమ్మ నవ్వు ఆపుకుంటూ అట్ట తిప్పి చూసింది. "మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ కిటికీ మూశారు. ఎందుకో అధికారి గారు జవాబు చెప్పాలి." నవ్వు ఆగిపోయింది.

"ఈ కిటికీయేనా?" అంది మెల్లగా.

"ఇదే. నువ్వప్పుడు కాలేజీ పరీక్షల్లో ఉన్నావు. చెప్తే చదువు మీద మనసు నిలవదని చెప్పలేదు."

అంతవరకూ చెయ్యి పని చేసింది, మనసు భయపడింది. ఆ అట్ట మీద మాత్రం చెయ్యీ మనసూ కలిసి ముద్ర కొట్టాయి. ఆ దెబ్బకు బల్ల మీది టీ కప్పు ఎగిరి పడింది.

పన్నెండింటికి వరస పూర్తయింది. మొత్తం నూట ఎనభై ఆరు. అక్కడితో ఆగి ఉంటే ఎలా ఉండేదో గాని, ఇన్‌వార్డు రిజిస్టరును రోజూ పన్నెండున్నరకు పెద్దసారు ముందు సంతకానికి పెట్టాలి. సారు ఎక్కడుంటే అక్కడ. రసీదమ్మ రిజిస్టరు చంకన పెట్టుకుని హాలు వైపు నడిచింది.

వేదిక మీద పెద్దసారు మంచి ఊపులో ఉన్నాడు. "రోడ్డు ఉన్నది నడవడానికి. ఫిర్యాదు చెయ్యడానికి మా దగ్గర కిటికీ ఉంది. ఈ రెండేళ్ళలో ఆ సంస్థ మీద ఒక్కటంటే ఒక్క కాగితం ముక్క మాకు అందలేదు! అంది ఉంటే చట్టప్రకారం మూడ్రోజుల్లో దాని పుస్తకాలు స్వాధీనం చేసుకునేవాణ్ణి. కేకలు ఎవరైనా వేస్తారు. ఇచ్చామనడానికి రసీదుందా? చూపించండి!"

సైకిల్ షాపు పెద్దాయన నింపాదిగా జేబులోంచి చీటీ తీసి పైకెత్తాడు. "ఇదిగోనండి."

హాల్లో ఇంకో చెయ్యి లేచింది. ఇంకొకటి. తర్వాత వరసలకు వరసలే లేచాయి. నూట ఎనభై ఆరు తెల్లచీటీలు ఫ్యాను గాలికి రెపరెపలాడాయి. బనీను ఆయన కుర్చీ ఎక్కి మరీ చూపించాడు.

"అవి... మా సూపరింటెండెంటు చెప్పిన టోకెన్లు కదూ?" అన్నాడు పెద్దసారు. సరిగ్గా అప్పుడే రసీదమ్మ పక్క తలుపులోంచి వేదికెక్కి, రిజిస్టరు తెరిచి, కలం మూత తీసి ఆయన ముందు పెట్టింది. "సంతకం సార్. ఇవాళ నూట ఎనభై ఆరు."

సూపరింటెండెంటు పరిగెత్తుకొచ్చి సారు చెవిలో గొణిగాడు. సారు గుండెకు తగిలించిన మైకు ఆ గొణుగుడును హాలంతటికీ వినిపించింది. "ప్రొబేషన్ పిల్ల సార్. దీని ముద్ర చెల్లదనేద్దాం. సాయంత్రానికి పీకేద్దాం."

"నా కూతుర్ని పీకేది ఎవడ్రా?" అన్న కేక వెనక వరసలోంచి వచ్చింది. దానికి మైకు అవసరం లేకపోయింది.

రసీదమ్మ పెద్దసారు వైపు తిరిగింది. ఉత్తర్వు పోయినట్టేనని తెలిసిపోయింది. తెలిశాక భయం పోయింది. "నా ముద్ర చెల్లకపోతే పోయిన నెల వచ్చిన మీ ప్రమోషన్ ఉత్తర్వు కూడా చెల్లదు సార్. అదీ నేనే తీసుకున్నాను. డెబ్భై రెండో పేజీ. ఈ రసీదులంటారా, అందరికీ ఇమ్మని సూపరింటెండెంటు గారే రాతలో ఇచ్చారు." పిన్ను గుచ్చిన ముక్క చూపించింది.

పెద్దసారు డెబ్భై రెండో పేజీ తిప్పి చూశాడు. ముక్క చూశాడు. కెమెరా మీద ఎర్రదీపం చూశాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఊరికే పోలేదు. ఆయన మొహం మీద నవ్వు మెల్లగా విచ్చుకుంది.

"ఈ ఏర్పాటు నేనే చేయించాను," అన్నాడు. "ప్రజలు రాసినది అట్ట మీదైనా సరే, అందుకోవాలన్నది మొదటినుంచీ నా ఆశయం. ఆ సంస్థ పుస్తకాలు ఇవాళే స్వాధీనం చేసుకుంటున్నాం. ఈ అమ్మాయి ఉద్యోగం ఇవాళ్టినుంచే ఖాయం." అంటూ నూట ఎనభై ఆరో నంబరు కింద సంతకం పెట్టాడు. తర్వాత సూపరింటెండెంటు వైపు తిరిగి, నవ్వు చెదరకుండానే, "రెండేళ్ళపాటు ఒక్క ఫిర్యాదూ నా దాకా ఎందుకు రాలేదో మీరు లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వండి," అన్నాడు.

చానలు అమ్మాయి మైకు ముందుకు చాపింది. "అయితే రోడ్డెక్కడం ఒప్పేనంటారా సార్?"

"నేనలా అన్లేదు. పద్ధతి ప్రకారం వచ్చారన్నాను."

"రోడ్డు మీద కూర్చోకపోతే మాతో చర్చ పెట్టేవాళ్ళు కాదు," అన్నాడు సైకిల్ షాపు పెద్దాయన. "చర్చ పెట్టకపోతే అట్టలు లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. మీ పద్ధతి దాకా మేం రోడ్డు మీంచే నడిచొచ్చాం సార్."

హాలు దద్దరిల్లింది. వెనక వరసలో ఒక దర్జీ, కుడి పక్కావిడకూ ఎడమ పక్కావిడకూ వేదిక మీద నిలబడ్డ మనిషిని చూపించి చూపించి చెప్పుకుంటోంది. "మా అమ్మాయే. ఇన్‌వార్డు. ఆ పుస్తకమంతా దాని చేతిరాతే." రసీదమ్మ తల వంచుకోలేదు. రిజిస్టరును గుండెకు హత్తుకుని, అందరి కళ్ళల్లోనూ పడుతూ, వేదిక మెట్లు ఒక్కొక్కటే దిగింది.

మర్నాడు తొమ్మిదింటికి ఇన్‌వార్డు కిటికీ తెరుచుకునేసరికి, సూపరింటెండెంటు తన సంజాయిషీ కాగితం పట్టుకుని బయట నిలబడి ఉన్నాడు. పర్మనెంటు గుమాస్తా దాన్ని శ్రద్ధగా చదివి, ముద్ర కొట్టి, రసీదు చింపి ఇచ్చి, జవాబు ఎప్పుడొస్తుందని ఆయన అడిగితే మర్యాదగానే చెప్పింది.

"వరసలో మీ ముందు నూట ఎనభై ఆరుగురు ఉన్నారు సార్."