సరిపోలని ముఖం

ప్రజాస్వామ్యంలో ఓటు వేయడం చిన్న పని. చెయ్యెత్తితే అయిపోతుంది. వేసిన ఓటును కంప్యూటర్‌లో తప్పు లేకుండా ఎక్కించడమే అసలైన పాలన. ఈ సత్యాన్ని ముందుగా గ్రహించిన ఘనత నల్లగొండ పక్కనున్న కొత్తకుంట మున్సిపాలిటీది. తీర్మానాలకు వచ్చే సవరణలపై ఎవరు ఎటు ఓటేశారో రాసిపెట్టడానికి అక్కడ 'సభాసాక్షి' అనే యాప్ తెచ్చారు. సభ్యుల ముఖం గుర్తుపడితేనే అది ఓటు తీసుకుంటుంది. (మనుషులు గుర్తుపడితే చాలదు. మనుషులు పొరబడతారు.)

ఆ యాప్‌ను నడిపేది ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్ మంజులత. రెండేళ్లలో తన చేతిమీదుగా ఒక్క ఓటూ తప్పు పోలేదని ఆమెకు కాస్త గర్వం.

ఆ రోజు సభ ముందుకొచ్చిన తీర్మానం, ఊరి చెత్తను గుట్ట పక్కనున్న ఖాళీ జాగాలో పోయాలని. సవరణ, అక్కడ కాదు, ఏడో వార్డు అంగన్‌వాడీ పక్కన పోయాలని. (గుట్ట పక్క జాగాలో అప్పటికే చైర్మన్ గారి ప్లాట్ల రాళ్లు పాతి ఉండటం కేవలం కాకతాళీయం.) మంజులత కూతురు ఆ అంగన్‌వాడీకే వెళ్తుంది.

పదకొండు మంది సభ్యుల్లో అయిదుగురు సవరణకు సరేనన్నారు, అయిదుగురు వద్దన్నారు. మిగిలింది ఏడో వార్డు కౌన్సిలర్ బాలనర్సమ్మ. ఇన్నాళ్లూ ఆమె ఓటు భర్త కాటమయ్యే వేస్తూ వచ్చాడు. ఆయన జ్వరంతో దవాఖానలో పడటంతో, గెలిచిన రెండేళ్లకు ఆమె మొదటిసారి సభకు వచ్చింది.

"పిలగాండ్లు అన్నం తినే కాడ చెత్త పోస్తరా? నేనొప్ప," అని చెయ్యెత్తింది.

మంజులతకు ప్రాణం లేచొచ్చింది. గబగబా ట్యాబ్ తెచ్చి ఆమె ముందు పెట్టింది.

'ముఖం సరిపోలలేదు' అంది యాప్. కళ్లద్దాలు తీయించింది, కొంగు సర్దింది, కిటికీ దగ్గర నిలబెట్టింది. యాప్ మాట మార్చలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ముఖాలు నమోదు చేసిన రోజు బాలనర్సమ్మ పేరు పిలిస్తే, కాటమయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఫొటో తీసింది తనే. అది వింతని ఎవరికీ అనిపించలేదు, తనకూ అనిపించలేదు. ఇప్పుడు సిగ్గేసింది.

"సార్, గీమెనే బాలనర్సమ్మ. ఊరంతకు ఎరుకే," అంది కమిషనర్ దివాకర్‌తో.

"ఊరికి ఎరుకుంటే సరిపోతదా అమ్మా? యాప్‌కు ఎరుకుండాలె. రికార్డుల తప్పు పోవద్దు. కాటమయ్యకు వీడియో కాల్ చెయ్యి."

సెలైన్ సీసా కింద పడుకున్న కాటమయ్య ముఖాన్ని ఫోన్‌లోంచి ట్యాబ్‌కు చూపించారు. 'స్వాగతం, బాలనర్సమ్మ గారూ' అని యాప్ పచ్చగా వెలిగింది.

"చైర్మనన్న ఎటంటే నేనటే," అన్నాడు కాటమయ్య నీరసంగా.

సవరణ ఆరు ఓట్లతో నెగ్గింది.

"ఓ సారూ! నేనీడనే ఉన్న గదా!" అని బాలనర్సమ్మ అరిచింది. దివాకర్ ఆ మాటను కూడా వదలకుండా నమోదు చేయించాడు, 'సందర్శకుల అభిప్రాయాలు' అనే గడిలో.

వారం తర్వాత, కాటమయ్య దవాఖాన నుంచి ఇంటికొచ్చిన రోజే, అంగన్‌వాడీ పక్కన మొదటి ట్రాక్టర్ చెత్త పడింది. ముక్కు మూసుకున్న పిల్లల్లో తన కూతురిని చూసి, మంజులత అటునుంచి అటే బాలనర్సమ్మను ఆఫీసుకు తీసుకెళ్లింది. ఫొటో మార్పు దరఖాస్తు తనే నింపింది. చివర్లో దరఖాస్తుదారు ముఖం చూపించాలి. బాలనర్సమ్మ చూపించింది.

యాప్ ఎంతో మర్యాదగా జవాబిచ్చింది.

"ఏమంటాంది బిడ్డా?"

మంజులత తలెత్తకుండా చదివింది. "'మీరు బాలనర్సమ్మ గారు కారు. వారి తరఫున వచ్చి ఉంటే, వారి అనుమతి తీసుకుని రండి.'"

బాలనర్సమ్మ అనుమతి అడగడానికి ఇంటికి వెళ్లింది.